కాపాడే శక్తే మచ్చ మిగిల్చితే

శ్రోతలకు నమస్కారం.

కంటికి ఇన్ఫెక్షన్ వచ్చి చూపు పోయిందంటే, ఆ సూక్ష్మజీవే కంటిని పాడుచేసిందని మనం అనుకుంటాం. ట్రకోమా సంగతి వేరు. ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చే అంధత్వానికి ప్రపంచంలో మొదటి కారణం ఈ జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 19 లక్షల మందికి దీనివల్ల చూపు పోయింది, లేదా మందగించింది. ఇందులో ఎక్కువ నష్టం చేసేది మన ఒంట్లోని రోగనిరోధక శక్తే.

ఈ జబ్బు తెచ్చే బాక్టీరియా పేరు క్లమిడియా ట్రకోమాటిస్. అది కనురెప్ప లోపలి పల్చటి పొరలో, కణాల లోపలికి దూరి పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ సోకిన కణాలు రసాయన సంకేతాలు పంపుతాయి. వాటిని అందుకుని తెల్లరక్తకణాలు గుంపుగా వచ్చేస్తాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి ఎంజైములు వదులుతాయి. బాక్టీరియా కోసం వదిలిన ఆ ఎంజైములకు పక్కనున్న మంచి కణజాలమూ కరుగుతుంది. కరిగినచోట మరమ్మతు మొదలవుతుంది. ఫైబ్రోబ్లాస్టులనే కణాలు అక్కడ కొల్లాజెన్ పోగులు నింపుతాయి. మచ్చ అంటే ఆ పోగులే.

ఒక్కసారి సోకితే ఇంత జరగదు. కళ్ళు ఎర్రబడతాయి, పుసి కడతాయి, కొన్నాళ్ళకు తగ్గిపోతాయి. కానీ ఈ జబ్బు పాతుకుపోయిన చోట పిల్లలకు ఇది మళ్ళీ మళ్ళీ సోకుతూనే ఉంటుంది. సోకిన ప్రతిసారీ అదే వాపు, అదే మరమ్మతు. పిల్లల్ని ఎత్తుకుని సాకే ఆడవాళ్ళకు వాళ్ళ నుంచి పదే పదే అంటుకుంటుంది. ఈ జబ్బుతో చూపు పోయేవాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

డాక్టరు పై రెప్పను తిప్పి చూస్తే పిల్లల్లో లేత రంగు బొడిపెలు కనిపిస్తాయి. అర మిల్లీమీటరు, అంతకంటే పెద్దవి అయిదైనా ఉంటే ట్రకోమా చురుగ్గా ఉందని గుర్తు. పెద్దవాళ్ళలో బొడిపెలకు బదులు తెల్లటి గీతలుంటాయి. రెప్ప అంచుకు కాస్త ఎగువన అడ్డంగా ఒక తెల్ల చార కూడా కనిపించవచ్చు. మచ్చకు ముడుచుకునే గుణం ఉంది. దారం బిగించి లాగితే గుడ్డ అంచు ఎలా లోపలికి మడతపడుతుందో, రెప్ప అంచూ అలాగే లోపలికి తిరుగుతుంది. వెంట్రుకలు నల్లగుడ్డుకు తగులుతాయి. ఇక రెప్ప వేసిన ప్రతిసారీ గీరుకోవడమే. ఆ నొప్పి భరించలేక చిమటాతో పీకేసుకునేవాళ్ళున్నారు. పీకేటప్పుడు తెగి మిగిలిన మొనలు ఇంకా గుచ్చుకుంటాయి.

నల్లగుడ్డు మీదుండే కార్నియాలో కొల్లాజెన్ పోగులు ఎంతో క్రమంగా అమరి ఉంటాయి. వెలుతురు అడ్డులేకుండా లోపలికి వెళ్ళేది అందుకే. గీరుకున్న పుండు మానేటప్పుడు పడే కొత్త పోగులకు ఆ క్రమం ఉండదు, అందుకే అక్కడ తెల్లబడుతుంది. కంట్లో పువ్వు వేసిందని మనం అనేది దీన్నే. ట్రకోమాలోనే కాదు, కార్నియాకు లోతైన పుండు ఏ కారణంగా పడ్డా ఇలాగే జరగవచ్చు.

మరి వాపే కారణమైతే దాన్ని అణిచేస్తే సరిపోదా? సరిపోదు. బాక్టీరియాను అదుపులో పెట్టేదీ ఆ రోగనిరోధక శక్తే. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు దాని చేతులు కట్టేస్తాయి. ఫంగస్ వల్లనో హెర్పిస్ వైరస్ వల్లనో పుండు పడిన కంట్లో డాక్టరుకు చూపించకుండా ఆ చుక్కలు వేసుకుంటే, ఎరుపు తగ్గినట్టే ఉండి లోపల పుండు ముదురుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

టీకా కథా సులువుగా సాగలేదు. 1950ల్లో చైనాలో ఈ సూక్ష్మజీవిని కోడిగుడ్లలో పెంచి వేరుచేశాక ఆశలు పెరిగాయి. తర్వాత కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, టీకా వేసిన కొన్నిటికి మళ్ళీ ఇన్ఫెక్షన్ సోకినప్పుడు వాపు మరింత తీవ్రమైంది. ఈనాటికీ ట్రకోమాకు టీకా లేదు.

కాబట్టి చేయగలిగింది, మళ్ళీ మళ్ళీ సోకకుండా ఆపడం. అజిత్రోమైసిన్ ఒక్క మోతాదుతో బాక్టీరియా చస్తుంది. కానీ ఒక్క పిల్లవాడికి ఇస్తే పక్కింటి పిల్లల నుంచి తిరిగి వస్తుంది. అందుకే ఊరంతటికీ ఇస్తారు. పిల్లల ముఖాలు కడగడం, నీళ్ళు, మరుగుదొడ్లు కూడా వైద్యంలో భాగమే. పుసి మీద వాలిన ఈగే ఇంకో పిల్లవాడి కంటి మీదా వాలుతుంది. ఈ పద్ధతిలో చాలా దేశాలు దీన్ని వదిలించుకున్నాయి. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమా మన దేశంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది.

అయినా చిన్నప్పుడు పడిన మచ్చలు ఊరుకోవు. పరీక్షలో బాక్టీరియా జాడ దొరకని పెద్దవాళ్ళలోనూ మచ్చ పెరుగుతూ పోవడం చూస్తున్నారు. పిల్లల్లో జబ్బు తగ్గిపోయిన ప్రాంతాల్లో కూడా రెప్ప ఆపరేషన్లు ఏళ్ళ తరబడి చేయాల్సి వస్తున్నది ఇందుకే. రెప్ప అంచును బయటికి తిప్పి కుట్టే చిన్న ఆపరేషన్ అది. నల్లగుడ్డు తెల్లబడకముందే చేయించుకోవాలి. కొందరికి వెంట్రుకలు మళ్ళీ లోపలికి తిరుగుతాయి కాబట్టి, ఆ తర్వాత కూడా కళ్ళు చూపించుకుంటూ ఉండాలి.

నమస్కారం.