ఎముక పట్టుకునే పన్ను

సభకు నమస్కారం.

ఊడిన పన్ను స్థానంలో టైటానియం ఇంప్లాంటు, అంటే పన్ను వేరులా దవడ ఎముకలో బిగించే లోహపు మర, పెట్టించుకోవాలనుకునేవారు మొదట ఖర్చెంత అని, ఆ వెంటనే ఎన్నాళ్ళలో పూర్తవుతుందని అడుగుతారు. ఈ రోజు నేను ముఖ్యంగా ఆ రెండో ప్రశ్నకే జవాబు చెప్పదలచుకున్నాను. ఇంప్లాంటును దవడలో అమర్చేది దంతవైద్యులే అయినా దాన్ని పట్టి నిలిపేది మీ సొంత ఎముక. ఆ ఎముక తీసుకునే వ్యవధిని బేరమాడి తగ్గించుకోవడం ఎవరి తరమూ కాదు.

1950ల తొలినాళ్ళలో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు, సజీవమైన ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో సూక్ష్మదర్శినిలో చూడడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని అమర్చారు. పరిశీలన ముగిశాక దాన్ని తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహాన్ని గట్టిగా పెనవేసుకుపోయింది. ఆయన దృష్టి అక్కడినుంచి దవడ మీదికి మళ్ళింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో, పుట్టుకతోనే అంగిలి చీలిక, దవడ లోపాలు ఉన్న గోస్టా లార్సన్‌కు తొలిసారిగా ఇంప్లాంట్లు పెట్టారు. 2006లో కన్నుమూసేదాకా లార్సన్‌కు అవి పనిచేశాయి. అయినా వైద్యలోకం తేలిగ్గా నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సమావేశం తరువాతే ఈ పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా ఆదరణ దొరికింది.

టైటానియానికి గాలి తగిలిన వెంటనే దాని మీద కొద్ది నానోమీటర్ల మందంలో ఆక్సైడు పొర ఏర్పడుతుంది. లాలాజలంలో లోహం చెడిపోకుండా కాపాడేది, ఎముక కణాలు దగ్గరికి వచ్చి అంటుకోనిచ్చేది ఆ పొరే. ఈ లోహం మనకు దూరపుది కూడా కాదు: భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లోని నల్లఇసుకలో దొరికే ఇల్మనైటు టైటానియం ఖనిజమే, హైదరాబాదులోని మిధానీ టైటానియం మిశ్రమలోహాలను తయారుచేసే సంస్థే.

ఇక చికిత్స సంగతి. మత్తు ఇచ్చి చిగురు తెరిచాక మొదట సన్నని డ్రిల్లుతో, తరువాత క్రమంగా లావైన డ్రిల్లులతో ఎముకలో రంధ్రం చేస్తారు, అంతసేపూ చల్లని సెలైను పోస్తూనే ఉంటారు. వేడి 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం నిలిచినా ఎముక దెబ్బతింటుందని పరిశోధనలు చూపాయి కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. ఆ రంధ్రంలోకి సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల పొడవు ఉండే మరను నిదానంగా బిగిస్తారు. ఆ రోజు అది గట్టిగానే ఉంటుంది, కానీ అది కేవలం బిగింపు వల్ల వచ్చిన గట్టిదనం. తరువాతి వారాల్లో దాని చుట్టూ ఉన్న పాత ఎముక కొంత కరిగి, కొత్త ఎముక ఇంకా గట్టిపడని దశ ఒకటి వస్తుంది. సాధారణంగా మూడు, నాలుగు వారాల దగ్గర పట్టు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే వాపు, నొప్పి తగ్గిపోయి ఉంటాయి గనుక మనిషికి ధైర్యం వచ్చి ఆ పక్కన చెగోడీలు నమలడం మొదలుపెడతారు. ఇంప్లాంటు 0.15 మిల్లీమీటరుకు మించి పదేపదే కదిలితే చుట్టూ ఎముకకు బదులు మెత్తని నారకణజాలం పెరిగి, అది ఎన్నటికీ నిలవకుండా పోయే ప్రమాదం ఉంది. బ్రోనెమార్క్ కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగమన్నది ఇందుకే. ఇప్పటి ఇంప్లాంట్ల ఉపరితలం మెరుగుపడడంతో ఆ గడువు చాలామందికి తగ్గింది. ఎముక దృఢంగా ఉన్న కొందరికి ఒక్కరోజులోనే తాత్కాలిక పళ్ళు పెట్టడమూ సాధ్యమే. దాన్ని అందరికీ వర్తించే హామీగా ప్రచారం చేయడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది.

సహజమైన పన్నును ఎముకతో కలిపే సన్నని నారపోగులు ఇంప్లాంటుకు ఉండవు, చిగురు పట్టు కూడా అంత గట్టిగా ఉండదు. దీనికి పుచ్చు పట్టదన్నది నిజమే, కానీ గార పేరుకుని చిగురు వాస్తే ఆ జబ్బు ఎముకదాకా త్వరగా పాకుతుంది. అందుకే చిగుళ్ళ జబ్బును ముందు నయం చేయించుకోవాలి, షుగరును అదుపులోకి తెచ్చుకోవాలి, బీడీ, చుట్ట, గుట్కా మానాలి. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. దవడ ఇంకా ఎదుగుతున్న పిల్లలకు ఇంప్లాంటు పెట్టకూడదు, ఎందుకంటే పక్క పళ్ళు దవడతోపాటు జరుగుతూ పోతుంటే అది ఉన్నచోటే ఉండిపోతుంది. అలాంటివారికి ప్రస్తుతానికి తీసిపెట్టుకునే పన్నే సరైన దారి.

చివరగా ఒక విషయం. ఇంప్లాంటు కంపెనీ పేరు, రకం, కొలత, బ్యాచి నంబరు రాసి ఉన్న కార్డును మీ దంతవైద్యులను అడిగి తీసుకుని భద్రపరచండి. పైన కనబడే పన్నును, అంటే క్యాపును, ఇంప్లాంటుకు బిగించే చిన్న మరలు ఒక కంపెనీవి ఇంకో కంపెనీ ఇంప్లాంటుకు సాధారణంగా సరిపోవు. పదేళ్ళ తరువాత మీరు పిల్లల దగ్గర డాలస్‌లో ఉన్నప్పుడు క్యాపు వదులైతే, అక్కడి దంతవైద్యులు మొదట అడిగేది ఆ కార్డునే.