మన బేబీ షామిలి గురించి కాసేపు | హైదరాబాద్ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఈసారి వ్లాగ్ డాలస్ నుంచి కాదు, కూకట్‌పల్లిలో మా అన్నయ్య వాళ్ల ఫ్లాట్ నుంచి. జనరల్ బజార్ షాపింగ్ చూపించమని అడుగుతున్నవాళ్లు కాస్త ఓపిక పట్టండి, బ్లౌజులు ఇంకా టైలర్ దగ్గరే ఉన్నాయి, ఆయన "రేపు ఇస్తానమ్మా" అంటూనే ఉన్నాడు. ఈలోపు నాకు ఇష్టమైన టాపిక్ ఒకటి, ఒకప్పటి చైల్డ్ ఆర్టిస్ట్ బేబీ షామిలి. జెట్‌లాగ్‌తో తెల్లవారుజామునే లేచి కూర్చుంటున్న మా పాపకి ఏం చేయాలో తెలియక షామిలి చేసిన 'అంజలి' సినిమా పెట్టాను. అంతే, అప్పట్నుంచి సెల్లార్‌లో ఆడుకునే పిల్లలందరికీ వచ్చీరాని తెలుగులో ఆ కథే చెబుతోంది.

అపార్ట్‌మెంట్ పిల్లలకి ఆ సినిమా భలే నచ్చుతుందండీ, ఎందుకంటే అందులో ఉన్నది కూడా వాళ్లలాంటి గ్యాంగే. 1990లో మణిరత్నం తమిళంలో తీశారు, మనకి డబ్బింగై వచ్చింది. ఇళయరాజా గారికి అది అయిదొందలవ సినిమా. పుట్టగానే చనిపోయిందని రేవతి నమ్మిన బిడ్డ నిజానికి బతికే ఉంటుంది, మానసికంగా ఎదగని పిల్ల, ఎక్కువ రోజులు బతకదని డాక్టర్లు చెప్పడంతో రఘువరన్ ఆ సంగతి భార్యకి చెప్పకుండా దాచేస్తాడు. రెండేళ్ల తర్వాత ఆ పిల్ల, అదే అంజలి, మన షామిలి, ఇంటికొస్తుంది. అన్నకీ అక్కకీ మొదట సిగ్గు, ఫ్రెండ్స్ ఏమంటారో అని. షామిలి పుట్టింది 1987 జులైలో, సినిమా వచ్చింది 1990 జులైలో, అంటే షూటింగ్ నాటికి మూడేళ్లు కూడా నిండలేదన్నమాట.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. చైల్డ్ ఆర్టిస్ట్ అంటే మనకి ముద్దుముద్దు మాటలు, పెద్దవాళ్ల డైలాగులు గడగడా చెప్పేయడం, చివర్లో గుక్కపెట్టి ఏడవడం. అంజలికి ఇవేవీ లేవు. దాదాపు మాటలే లేవు. చేయి పట్టుకోవాలని వచ్చే మనిషిని ఆ పిల్ల తలొంచి, కనుబొమల కిందనుంచి, "నువ్వెవరు" అన్నట్టు చూస్తుంది చూడండి, ఆ చూపుతోనే సగం సినిమా నడిచిపోతుంది. తల్లిని చూసి భయపడే పిల్ల చివరికి తల్లిని ఏమని పిలుస్తుందో నేను చెప్పను, చూడనివాళ్లు ఇంకా ఉన్నారు. మా వదిన ఆ సీన్ వచ్చే ముందే వంటింట్లోకి వెళ్లిపోయింది.

మా అన్నయ్య మాత్రం ఒప్పుకోడు. "అదేం నటనే? పసిపిల్లని కూర్చోబెట్టి రీళ్లకు రీళ్లు తీసుంటారు, పనికొచ్చిన ముక్కలు ఎడిటర్ ఏరుకునుంటాడు" అంటాడు. అందులో నిజం లేకపోలేదు. లెనిన్, విజయన్‌ల ఎడిటింగ్, మధు అంబట్ కెమెరా లేకపోతే అంజలి లేదు. కానీ అదే ఏడాది మలయాళంలో భరతన్ తీసిన 'మాలూట్టి' చూస్తే అన్నయ్య వాదన నిలబడదు. జయరామ్, ఊర్వశిల కూతురు ఆడుకుంటూ వెళ్లి వాడకుండా వదిలేసిన బోరుగుంటలో పడిపోతుంది. మన దగ్గర కూడా ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్లమే కదా. ఆ గుంటలో షామిలి పక్కన అక్కా లేదు, అన్నా లేడు, పాటా లేదు. భయం, దాహం, నిద్ర, మళ్లీ భయం, అన్నీ తను ఒక్కతే చూపించాలి. ఎడిటర్ ఎంత గొప్పవాడైనా లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడండీ?

'అంజలి'కి జాతీయ అవార్డు ముగ్గురు పిల్లలకీ కలిపి ఇచ్చారు, షామిలికీ, అక్కగా చేసిన శ్రుతికీ, అన్నగా చేసిన తరుణ్‌కీ. అవును, మన 'నువ్వే కావాలి' తరుణే. వాళ్లమ్మ రోజారమణి గారు 1967లో 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడు. ఆ ఇంట్లో ఇది రెండో తరం అన్నమాట! 'మాలూట్టి'కి కేరళ ప్రభుత్వ అవార్డు, కన్నడలో 'మత్తె హాడితు కోగిలె'కి కర్ణాటక ప్రభుత్వ అవార్డు. బడికి వెళ్లే వయసు కూడా రాకముందే!

తెలుగులో అయితే అదే 1990, మే 9, 'జగదేకవీరుడు అతిలోకసుందరి'. బయట తుపాను, థియేటర్ లోపల చిరంజీవి, శ్రీదేవి. రాజు, అంటే చిరంజీవి, దగ్గర పెరిగే అనాథ పిల్లల్లో షామిలి, అక్క షాలిని ఇద్దరూ ఉన్నారు. 2025లో అదే తేదీన త్రీడీలో మళ్లీ విడుదలైతే అన్నయ్య వాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్లారట, నేనేమో డాలస్‌లో లంచ్ బాక్సులు సర్దుకుంటున్నాను. ఆ తర్వాత షామిలి చేసిన సినిమాలన్నీ నాకు నచ్చవు. తమిళంలో రామ నారాయణన్ తీసిన 'దుర్గ' లాంటివాటిలో పిల్ల కంటే జంతువులకే ఎక్కువ పని.

ఇంక 2009లో 'ఓయ్!'. "అంజలి పాప హీరోయిన్ అయింది" అని అందరం ఎగబడి చూశాం, చాలామంది పెదవి విరిచారు. నాకు మాత్రం అందులో షామిలి చేసిన వైజాగ్ సంధ్య అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది. నియమాలూ పట్టింపులూ ఎక్కువ, మాట తక్కువ, ఎదుటివాడు వాగుతుంటే వింటూ నిలబడే అమ్మాయి. వినడం ఆమెకి మూడేళ్లప్పుడే వచ్చు. 2024 ఫిబ్రవరిలో రీరిలీజ్ చేస్తే ఇక్కడి థియేటర్లలో కుర్రాళ్లు యువన్ పాటలన్నీ గొంతు కలిపి పాడారు. విడుదలైనప్పుడు ఈ సందడి ఏదీ? ఆ తర్వాత 2018లో 'అమ్మమ్మగారిల్లు' వచ్చింది, వెళ్లింది. ఇప్పుడు ఆమె పెయింటింగ్‌లు వేస్తోంది, ఎగ్జిబిషన్లు పెడుతోంది.

"చిన్నప్పుడు అంత పేరు, పెద్దయ్యాక ఏమీ కాలేదు పాపం" అని వదిన నిట్టూరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏమీ కాలేదంటే ఏంటండీ? ఒకే ఏడాదిలో నాలుగు భాషల్లో చేసి, వాటిలో మూడింటికి అవార్డులు తెచ్చుకుంది. హీరోయిన్ అయితేనే లెక్కలోకి వస్తుందా? యాభై ఏళ్లు నటించినవాళ్లలో ఎంతమందికి ఒక 'అంజలి' ఉంది చెప్పండి.

'మాలూట్టి' మాత్రం మా పాపకి ఇప్పుడే చూపించను, ఆ గుంట చూశాక అసలు పడుకోదు. ముందు 'జగదేకవీరుడు' పెడుతున్నాం, వదిన పిల్లలు కూడా రెడీ. టైలర్ ఫోన్ చేశాడు, ఉంటానండీ.