గిట్ట గుంటలో తుంగ మొలక: ఏటి వరద నేలల్లో సాగు, మేత

(దృశ్యం: వరద తీసిన ఒడ్డు, బురదలో గిట్ట గుంట. కెమెరా దగ్గరికి.)

ఏటి ఒడ్డు నేలల్లో పెరిగే తుంగ, జమ్ము లాంటి చిత్తడి మొక్కల్ని సాగు, మేత ఏం చేస్తాయో చూద్దాం. పశువు గిట్ట దిగబడిన ఈ గుంట చూడండి. అంచు మీద తుంగ మొలకలు వెంట్రుకల్లా లేచాయి. అడుగున నీళ్లు నిలిచిన చోట ఒక్కటీ లేదు. మొలకెత్తాలంటే తుంగ గింజకు తడితోపాటు వెలుతురూ కావాలి. ఇసుక రేణువంత గింజ అది. పై 5 సెంటీమీటర్ల మట్టిలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది. నాగలి దాన్ని 15, 20 సెంటీమీటర్ల లోతుకు తిరగేస్తే ఇక పైకి రాలేదు. ఒక్కసారి దున్నితే నేల కోలుకుంటుంది. ఏటా దున్నుతూ, పైగా గట్టు కట్టి వరదను ఆపేస్తే మాత్రం కొత్త గింజ వచ్చే దారే మూసుకుపోతుంది.

(దృశ్యం: అడ్డంగా కోసిన జమ్ము ఆకు, లోపల గాలి గదులు.)

బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. నేలలోని జమ్ము దుంపకు గాలి ఈ గదుల గుండానే దిగుతుంది. ఎండిన ఆకులూ ఆ పనికొస్తాయి. పశువులు మొదలంటా మేసేశాక నీళ్లు పెరిగి మోడు మునిగితే దుంప ఊపిరాడక కుళ్లిపోతుంది. వరదకు ముందు మేత అంత ప్రమాదం అందుకే.

అలాగని పశువుల్ని పూర్తిగా ఆపేయడమూ సరికాదు. రాజస్థాన్‌లోని కేవలాదేవ్ జాతీయ పార్కు చిత్తడి నేలల్లో 1982లో మేత నిషేధించాక, అంతవరకూ గేదెలు తినే పాస్పాలమ్ గడ్డి దట్టంగా అల్లుకుని నీటిని కమ్మేసింది.

ఎరువుదీ పెద్ద దెబ్బే. పొలం నుంచి కొట్టుకొచ్చే నత్రజని, భాస్వరంతో జమ్ము ఏపుగా పెరిగి పొట్టి మొక్కలకు వెలుతురు లేకుండా చేస్తుంది. నీటి అంచున దున్నని పట్టీ వదలండి.

(దృశ్యం: రెండు ట్రేలు.)

నేలలో గింజ మిగిలిందో లేదో ఇలా తేలుతుంది. పది చోట్ల పై 5 సెంటీమీటర్ల మట్టి తీసి కలపండి. ట్రేల్లో ఇసుక మీద సెంటీమీటరు మందాన పరవండి. ఒకదాన్ని తడిగా ఉంచండి, రెండోదానిపై 3 సెంటీమీటర్ల నీళ్లు నిలపండి. 8 వారాలపాటు వచ్చిన మొలకల్ని గుర్తుపట్టి, లెక్కపెట్టి పీకేయండి. చిత్తడి మొక్కలు బాగా వస్తే ఆ నేలకు నీళ్లు మళ్లిస్తే చాలు. చేలో కలుపే వస్తే తుంగ దుంపలు తెచ్చి నాటాలి. తామర గింజ పెంకు చాలా గట్టిది, ట్రేలో మొలవకపోయినా మట్టిలో లేదనుకోవద్దు.

మేతకు వదిలేది తుంగ గింజ రాలాక, మడమతో నొక్కితే నేల దిగబడనప్పుడు. జమ్ము మళ్లీ నీటిపైకి ఎదిగేంత వ్యవధి ఉండగానే, వరదకు ముందే పశువుల్ని బయటికి తోలేయాలి. మేత నేల మధ్యలో 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు చోటుకు పశువులు దూరకుండా కంచె వేసి ఉంచండి. లోపలికీ బయటికీ తేడా తెలియాలంటే రెండు మూడు వరదలు వచ్చి వెళ్లేదాకా మీరు ఆగాలి.