పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రాంను 100 కోర్ల మీద నడిపించాలంటే

[తెరపై: గళ్లు గీసిన ఇనుప పలక. ఒక అంచున వేడి.]

ఈ పలకలో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం మన దగ్గర ఉంది, ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. 1,000 అడ్డువరుసలు, 1,000 నిలువు వరుసలు. అంటే 10 లక్షల గళ్లు. చుట్టూ ఉన్న నాలుగు గళ్ల సగటే ఒక గడి కొత్త ఉష్ణోగ్రత. విలువలు కుదురుకునే దాకా మళ్లీ మళ్లీ ఇదే లెక్క.

దీన్ని ఉన్నదున్నట్టుగా 100 కోర్ల (విడివిడిగా లెక్కలు చేయగల ప్రాసెసర్ భాగాల) యంత్రంలో పెడితే ఒక్క కోరే పనిచేస్తుంది. పోనీ, గళ్లు పంచేద్దామా? ఇది గాస్-సైడల్ పద్ధతి. పక్క గడికి ఇప్పుడే వచ్చిన కొత్త విలువ తేలితేగాని ఈ గడి లెక్క మొదలు కాదు. అసలు చిక్కు ఇదే.

[తెరపై: గళ్లు ఎరుపు, నలుపు రంగుల్లోకి మారతాయి.]

ఇక్కడ పనికొచ్చే ఉపాయం నాకు ఎంతో ఇష్టం. గళ్లకు చదరంగం బల్లలా రెండు రంగులు వేయండి. ఎర్ర గడికి నాలుగు పక్కలా నల్లవే ఉంటాయి. కాబట్టి ఎర్రవన్నీ ఒకేసారి, ఆ తర్వాత నల్లవన్నీ ఒకేసారి లెక్కగట్టవచ్చు. భౌతికశాస్త్రం మారలేదు, గళ్ల వరుస మారిందంతే! కోర్లన్నీ ఒకే మెమరీని పంచుకుంటుంటే, ఇక లూప్ పైన, పనిని కోర్లకు పంచే ఓపెన్‌ఎంపీ ఆదేశం రాస్తే చాలు.

[తెరపై: పలక ముందు పట్టీలుగా, తర్వాత చదరాలుగా విడిపోతుంది.]

యంత్రాలు వేరైతే మెమరీలూ వేరే. అంచు విలువలను ఎంపీఐతో, అంటే ప్రాసెస్‌ల (విడివిడిగా నడిచే ప్రోగ్రాం ప్రతుల) మధ్య సందేశాలు పంపే ఏర్పాటుతో, పంపుకోవాలి. పలకను 100 పట్టీలుగా కోస్తే ఒక్కో ప్రాసెస్‌కు 10,000 గళ్లు వస్తాయి. మధ్యలో ఉన్న పట్టీ ప్రతి విడతలో ఇరుగుపొరుగుల నుంచి 2,000 విలువలు తెచ్చుకోవాలి. 100×100 చదరాలుగా కోస్తే? గళ్లు అన్నే, తెచ్చుకునేవి మాత్రం 400. కోత ఎలా ఉండాలో కాగితం మీద తేల్చుకోకుండా కోడ్ ముట్టుకోకండి.

అంతకన్నా ముందు ప్రొఫైలర్‌తో సమయం ఎక్కడ పోతోందో చూడండి. కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదన ఇప్పటికీ చెల్లుతుంది: మొత్తం సమయంలో 5 శాతం విడదీయలేని పనికే పోతుంటే, ఎన్ని కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. ఫలితాలను ఫైలులో రాసే భాగం తరచూ ఈ కోవలోదే.

ఒకే కోర్ మీద నడిచే పాత సీరియల్ కోడ్‌ను దయచేసి పారేయకండి, సరిచూసుకోవడానికి అదే ఆధారం. దశాంశ సంఖ్యలను కూడే వరుస మారితే చివరి అంకెలు మారతాయి. ఎంత తేడా వరకు సరేననేది ఈ ఫలితాలు వాడే శాస్త్రవేత్తతో ముందే నిర్ణయించుకోండి. పరీక్షించేటప్పుడు 1, 4 ప్రాసెస్‌లతో పాటు 7తోనూ నడపండి. 1,000 వరుసలు ఏడుగురికి సమానంగా రావు. అంచుల లెక్కలో పొరపాటుంటే అక్కడ బయటపడుతుంది.