ఇంట్లనే చదివే పిల్లలకు లెక్కల కిట్: ఏది కొనాలె, ఏది మనమే చేసుకోవచ్చు?

అందరికీ నమస్తే. ఒకటి నుంచి ఐదో తరగతి వయసు పిల్లలకు ఇంట్లనే చదువు చెప్తున్న తల్లిదండ్రుల కోసం ఈ వీడియో. టేబుల్ మీద నాలుగు ఉన్నయి: రైట్‌స్టార్ట్, మ్యాథ్-యు-సీ, క్యుజినేర్ కడ్డీలు, మన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు.

వీటిని చూసే ముందు ఒక లెక్క. 52లకెల్లి 27 తీసెయ్యమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తరు. రెండులకెల్లి ఏడు పోదు కాబట్టి ఏడులకెల్లి రెండు తీసేస్తరు. ఈ పిల్లలకు పుల్లలు ఇస్తే జవాబు కరెక్టుగనే వస్తది, నోట్‌బుక్ ఇస్తే మళ్ల 35. అంటే చేతులు చేసిన పని కాగితం మీదికి రాలేదు. ఏ కిట్ అయినా మేము చూసేది ఇదొక్కటే: వస్తువును పక్కకు పెట్టే రోజు కోసం పిల్లలను అది ఎట్ల తయారు చేస్తది?

మొదలు రైట్‌స్టార్ట్. ఇది జోన్ కాటర్ తయారు చేసిన అమెరికా కరిక్యులం. దీంట్ల అసలు బలం అబాకస్. పది తీగలు, తీగకు పది పూసలు, అండ్ల ఐదు ఒక రంగు, ఐదు ఇంకో రంగు. 7 చూపిస్తే పిల్ల ఒకటొకటి లెక్కపెట్టదు, ఐదు, దాని పక్కన రెండు అని కంటితోనే పడుతది. దుకాణాల్ల దొరికే బొమ్మ అబాకస్‌ల తీగకు ఒక రంగు ఉంటది, అండ్ల ఐదు ఎక్కడ అయిపోయిందో కనపడదు, పిల్ల ప్రతిసారి ఒకటి నుంచి మొదలుపెడుతది. అట్లాంటిది ఇంట్ల ఉంటే పారెయ్యకండి, ప్రతి తీగ మీద చివరి ఐదు పూసలకు నెయిల్ పాలిష్ వెయ్యండి, సరిపోతది.

రైట్‌స్టార్ట్‌ల ఏ రోజు ఏం అడగాలె, పిల్లలు ఏమంటరు, అన్నీ టీచర్ పుస్తకంల రాసి ఉంటయి. ప్రాక్టీస్ ఎక్కువగ కార్డు ఆటలతోనే. లెక్కలు చెప్పాలంటే భయపడే తల్లిదండ్రులకు ఇది మంచిది. కానీ పెద్దవాళ్లు పాఠం అయ్యేదాక పక్కనే కూసోవాలె. ఇద్దరు పిల్లలు వేరే వేరే లెవెల్ అయితే టైము రెండింతలు పోతది.

మ్యాథ్-యు-సీ కూడా అమెరికా కరిక్యులమే, కానీ పద్ధతి వేరు. ఏడాదికి ఒక్క విషయం, అది పక్కాగ వచ్చేదాక. ఆల్ఫా అనే లెవెల్‌ల ఒక్క అంకె కూడిక, తీసివేత. బీటాల పెద్ద సంఖ్యలు. గామా గుణకారం, డెల్టా భాగహారం, ఎప్సిలాన్ భిన్నాలు, జీటా దశాంశాలు. వీడియో పాఠం ఉంటది, రంగు బ్లాకుల మీద ఒకట్ల గీతలు ఉంటయి, పని చక్కగ నడుస్తది. ఇబ్బంది ఒకటే. భిన్నాల అసలు పాఠం ఐదో లెవెల్‌ల గాని రాదు. నాలుగో తరగతికి బడిల వేద్దామనుకునేటోళ్లు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, భిన్నాలు పక్కనుంచి చెప్పుకోవాలె.

రెండింటికీ ఇంకో సంగతి. డాలర్లు, సెంట్లు, అంగుళాలు, పౌండ్లు వస్తనే ఉంటయి. ఆ పేజీలు దాటేసి రూపాయలు, మీటర్లు, కిలోలతో లెక్కలు మీరే చెయ్యాలె. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల పత్తి, మిర్చి క్వింటాల్ లెక్కన పోతయి, క్వింటాల్ అంటే 100 కిలోలు, వందల స్థానానికి ఇంతకంటే మంచి లెక్క ఏముంటది. కామా కూడా చూసుకోండి: వాళ్లు 100,000 అని రాస్తరు, మనం 1,00,000.

ఇగ క్యుజినేర్ కడ్డీలు. బెల్జియం టీచర్ జార్జ్ క్యుజినేర్ చేసినవి, ఒక్కో రంగుకు ఒక్కో పొడుగు. తెల్లది 1 సెంటీమీటర్, నారింజది 10. ఇది కరిక్యులం కాదు, వస్తువు మాత్రమే, కానీ డబ్బులు పెట్టాలంటే మా మాట దీనికే. కొన్నంక మొదటి పని: పది తెల్లవి నారింజ కడ్డీ పక్కన పేర్చండి. చివర ఎచ్చుతగ్గులు వస్తే వాపస్ చెయ్యండి, కొలత తప్పిన కడ్డీలతో పిల్లలు తప్పే నేర్చుకుంటరు.

భిన్నాలకు నారింజ, ఎర్ర కడ్డీలు కలిపి 12 చెయ్యండి, అది ఒకటి అనుకోండి. సగం ముదురు ఆకుపచ్చ, మూడో వంతు ఊదా, నాలుగో వంతు లేత ఆకుపచ్చ. మూడో వంతు, నాలుగో వంతు కలిపి ఎంత? ఊదా అంటే నాలుగు తెల్లవి, లేత ఆకుపచ్చ అంటే మూడు తెల్లవి. మొత్తం ఏడు, అంటే 7/12. ఛేదాలు ఎందుకు ఒకటి చెయ్యాలెనో పిల్లలకు ఇక్కడ కనపడుతది. ఒక జాగ్రత్త: ఊదా అంటే ఎప్పుడూ 4 అని పిల్లలు పట్టేసుకుంటరు. అందుకే ఒకటి ఏదో మార్చుతుండాలె, ఇయ్యాల 12, రేపు గోధుమ రంగు 8.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వెబ్‌సైట్‌ల ఉచితం. ఒకటి, రెండు తరగతులకు జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్, మూడు నుంచి ఐదుకు మ్యాథ్స్ మేళా. రూపాయలు, మన కొలతలు, ఆటలు అన్నీ ఉన్నయి. ప్రాక్టీస్ లెక్కలు మాత్రం తక్కువ, ఒక్కో పాఠానికి ఇంకో రెండు మూడు పేజీలు మీరు రాసి ఇయ్యాలె. వస్తువులు కూడా మీవే.

గణితమాల, అంటే లెక్కల కోసం పూసల దండ, ఇంట్లనే అయితది. 100 పూసలు, పదికొక రంగు మార్చి, రెండే రంగులు. పూస 1 సెంటీమీటర్ ఉంటే దారం 1.5 మీటర్లు తీసుకోండి, పూసలు జరపడానికి జాగా ఉండాలె. పిల్ల కళ్ల ఎత్తుల కట్టండి. 47కు 8 కలపమంటే ముందు 50 దాక మూడు, తర్వాత ఐదు. 47 దగ్గర గుర్తుకు పెట్టే క్లిప్పు పూస మీద కాదు, 47వ పూస అయిపోయినంక ఉన్న సందుల పెట్టాలె, లేకపోతే పిల్లలు 46, 47 మధ్యల తికమక పడుతరు.

స్థానవిలువకు 120 ఐస్‌క్రీం పుల్లలు, డజన్ రబ్బరు బ్యాండ్లు. ఇప్పుడు ఆ 52 లెక్క. ఐదు కట్టలు, రెండు పుల్లలు. ఒక కట్ట విప్పండి, వెంటనే పెన్సిల్ పట్టించండి: 5 కొట్టేసి 4, 2 కొట్టేసి 12. అప్పుడే ఏడు పుల్లలు తియ్యాలె, ఆ తర్వాత రెండు కట్టలు. మిగిలింది 25. చెయ్యి ఒకసారి కదిలితే పెన్సిల్ ఒకసారి కదలాలె. లెక్క మొత్తం పుల్లలతో చేసి చివరికి జవాబు మాత్రమే రాయిస్తే, పుల్లలు తీసేసిన రోజు మళ్ల 35 వస్తది. ఇది కుదిరినంక పుల్లల బదులు గీతలు, చుక్కలు గీయించండి, ఆ తర్వాత ఉత్త అంకెలు.

మా లెక్క ఇది: ఒకటి, రెండు తరగతులకు ఎన్‌సీఈఆర్‌టీ, గణితమాల, పుల్లలు. మూడో తరగతి నుంచి కడ్డీలు చేర్చండి. మాట మాటకు చెప్పే పుస్తకం కావాలనుకుంటేనే రైట్‌స్టార్ట్. తెప్పించుకునేటప్పుడు పుస్తకం ధర ఒక్కటే కాదు, షిప్పింగ్, కస్టమ్స్ కలిపి చూసుకోండి.

ఆర్డర్ పెట్టేముందు వయసు చూసి లెవెల్ ఎంచకండి. రెండు అమెరికా కంపెనీల వెబ్‌సైట్లల్ల ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంది, అది చేయించండి. తొమ్మిదేండ్ల పిల్లకు ఆల్ఫా వచ్చినా పర్వాలేదు, అక్కడి నుంచే మొదలుపెట్టండి. మీ పిల్లలు ఏ లెక్క దగ్గర ఆగుతున్నరో, జవాబు ఏం రాసిండ్రో కామెంట్‌ల పెట్టండి. తప్పు జవాబు ఉన్నదున్నట్టు రాయండి, దాంట్లనే కారణం దొరుకుతది.