కుట్టుకూలి లెక్క ఎవరి చేతిలో ఉంది?

అందరికీ నమస్కారం.

మన రాజ్యాంగం 43వ అధికరణం కార్మికులకి జీవన వేతనం అందేలా ప్రభుత్వం పాటుపడాలని చెబుతుంది. రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీల్లో మాత్రం, చట్టం ప్రకారం రావాల్సిన కనీస వేతనం కోసమే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

బెంగళూరు సంగతే చూడండి. 2020 ఏప్రిల్‌లో కర్ణాటకలో కనీస వేతనంలో భాగమైన కరువు భత్యం నెలకి 417 రూపాయల చొప్పున పెరిగింది. కోవిడ్ నష్టాలని చెప్పి యజమానులు ఇవ్వలేదు. ప్రభుత్వం కూడా సరే, తర్వాత ఇవ్వండని వాయిదా వేసింది. హైకోర్టు ఆ వాయిదాని నిలిపేసింది. అయినా డబ్బు రాలేదు. నష్టపోయినవాళ్లు నాలుగు లక్షల మందికి పైనే, ఎక్కువమంది ఆడవాళ్లు. కార్మిక హక్కుల సంఘాలు విదేశీ బ్రాండ్లని నిలదీశాక, 2022లో గానీ పెద్ద కంపెనీలు బకాయిలు కట్టడం మొదలుపెట్టలేదు. హైకోర్టు చెప్పినా కదలనిది బయ్యర్, అంటే సరుకు కొనే బ్రాండ్, అడిగితే కదిలిందంటే, జీతం తాళం ఎక్కడుందో తెలుస్తోంది కదా!

కనీస వేతనం ఎంతుండాలో తేల్చడానికి 1957లో భారత కార్మిక సదస్సు (ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చునే సభ) కుటుంబ అవసరాలకి ఒక లెక్క కట్టింది: పెద్దవాళ్లకి తలా 2,700 కేలరీల తిండి, ఇంటిల్లిపాదికీ ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు. పిల్లల చదువు, వైద్యం లాంటివాటికి మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ముసలి తల్లిదండ్రులు ఈ లెక్కలో ఇప్పటికీ లేరు. అంటే ఇదీ పిసినారి లెక్కే, అయినా ఇదీ అందడం లేదు.

కారణం ధర కుదిరే పద్ధతి. బయ్యర్ ఒకే ఆర్డర్‌కి నాలుగైదు చోట్ల రేటు అడుగుతాడు. బట్ట, జిప్పు, కరెంటు రేట్లు ఎవరికైనా ఇంచుమించు ఒకటే. తగ్గించడానికి మిగిలేది కూలీ. అందుకే గంట టార్గెట్ పెరుగుతుంది, సూపర్‌వైజర్ గొంతూ పెరుగుతుంది. కాలర్‌కి ఇన్ని నిమిషాలు, కఫ్‌కి ఇన్ని అని ముందే లెక్కగట్టే పరిశ్రమ ఇది. చొక్కాకి కూలీ ఎంతో తెలియదంటే నేను నమ్మను.

జీతాలు పెంచితే ఆర్డర్లు బంగ్లాదేశ్‌కి పోతాయంటారు. అక్కడ 2023లో కార్మికులు నెలకి కనీస వేతనం 23,000 టాకాలు అడిగితే 12,500 ఖాయం చేశారు. ఆ పోరాటంలో ప్రాణాలే పోయాయి. అందుకే ఆసియా దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఒక వేతన కొలమానం ఉండాలని ఆసియా కార్మిక సంఘాల కూటమి ఏషియా ఫ్లోర్ వేజ్ అలయన్స్ అడుగుతోంది. నాకూ అదే దారి కనిపిస్తోంది.

మీలో కొందరు రేపు బ్రాండ్ల తరఫున ఫ్యాక్టరీలకి ఆర్డర్లిచ్చే బయ్యింగ్ హౌసుల్లో చేరతారు. ఖర్చుల లెక్క రాసే కాస్టింగ్ షీట్ చేతికొచ్చినప్పుడు కుట్టుకూలి విడిగా రాశారో లేదో చూడండి. రాయకపోతే రాయమనండి. బేరం మిగతావాటి మీద ఆడుకోవచ్చు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.