నైలెక్స్ చీర, నీలం డ్రమ్ము

(చెన్నై పెరంబూరులో, మా కాలనీ తెలుగువాళ్ళ ఉగాది కలయికలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ఇందాక పంచాంగం చదివిన అయ్యవారికి, పచ్చడి కలిపిన అమ్మలకి, కుర్చీలు వేసిన కుర్రాళ్ళకి... ఈ వరస పూర్తిచేస్తే నాకిచ్చిన పావుగంటా అయిపోతుంది. ఇక్కడితో ఆపేస్తాను. పచ్చడిలో వేపపువ్వు తక్కువైందని మాత్రం చెప్పక తప్పదు.

నేను వ్యవసాయం చదివినవాణ్ణి కాను. ఇక్కడి రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో ఫిట్టరుగా 34 ఏళ్ళు రైలుపెట్టెలు బిగించాను. ఇప్పుడు బిగిస్తున్నది ఇదిగో, ఈ తొట్టి. ఇద్దరు కుర్రాళ్ళు లిఫ్టులో తెచ్చి పెట్టారు. ఖాళీది కాబట్టి తేగలిగారు, నింపి తడిపాక నలుగురికి కూడా కదలదు. బరువు సంగతి మర్చిపోతే గుర్తుచేయండి.

ఇందులో గొప్ప విద్యేమీ లేదు. అడుగున నీళ్ళు, పైన మొక్క. ప్రమిదలో నూనెని వత్తి ఎలా పైకి లాక్కుంటుందో, ఈ కొబ్బరి పొట్టు నీళ్ళని అలా లాక్కుంటుంది. వేరు తనకి కావలసినంత తాగుతుంది. రోజూ మనం బకెట్టు పట్టుకుని మొట్టమాడి ఎక్కక్కర్లేదు. చూశారా, మేడ అనబోయి మొట్టమాడి అనేశాను. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళం, ఏం చేస్తాం. ఫ్లోరిడాలో ఒక టమాటా రైతు 1990లలో ఇలాంటి పెట్టే చేసి ఎర్త్‌బాక్స్ అని అమ్మాడు. కానీ మామిడి మొక్క పక్కన చిల్లికుండ పాతి నీళ్ళు నింపడం మన తాతలకి తెలియని పనా?

ఎలా చేయాలో చెప్పమన్నారు. ఎందుకు చేశానో చెప్పకపోతే నాకు మాట సాగదు. రెండు నిమిషాలు ఓర్చుకోండి.

మా అమ్మది నెల్లూరు జిల్లా, రాపూరు దగ్గర పల్లె. కండలేరు డ్యాము ఆ పక్కనే. 1976లో కృష్ణా పారే మూడు రాష్ట్రాలు తలా ఐదు టీఎంసీల కృష్ణా నీళ్ళు మద్రాసుకి ఇస్తామన్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు తెలుగుగంగ ఒప్పందం అయింది. నీళ్ళు వచ్చేసరికి 1996. కండలేరు నుంచి మద్రాసు దగ్గరి పూండి చెరువు దాకా 150 కిలోమీటర్లకు పైగా కాలవ. కుళాయి తిప్పినప్పుడల్లా అమ్మ "మా ఊరి నీళ్ళు" అనేది. అందులో వీరాణం చెరువు నీళ్ళెన్నో బోరు నీళ్ళెన్నో ఆమెకి అనవసరం.

పెళ్ళయి వచ్చేటప్పుడు ఆమె ఒక వంగ విత్తనం మూటగట్టుకుని తెచ్చుకుంది. కాయ నిమ్మపండంత ఉంటుంది, గుండ్రం, ఊదా మీద తెల్లచారలు, తొడిమకి ముళ్ళు. ఏటా ఒక కాయని కొయ్యకుండా వదిలేసేది. అది పండి పసుపు తిరిగాక గింజ తీసి, కడిగి, బూడిదలో పొర్లించి ఆరబెట్టి, పాత గుడ్డలో ముడి వేసేది. యాభై ఏళ్ళ పైన అలాగే నడిచింది.

2019 మే నెల మీ అందరికీ గుర్తుంది కదా? కత్తిరి ఎండలు, అంటే నడివేసవి మంటలు. ఊరికి నీళ్ళిచ్చే చెరువులు, చెంబరంబాక్కం ఎండింది, పుళల్ ఎండింది. మెట్రో వాటర్ పైపులో గాలి, బోరులోనూ గాలి. అప్పుడు మేం వేరే అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. అక్కడి కమిటీ మొక్కలకి నీళ్ళు పోయకూడదని నోటీసు అంటించింది. తాగడానికే లేనప్పుడు మొక్కలకేమిటని అడిగారు. న్యాయమే, నాకు కోపం లేదు. కాదు, ఉంది. ఆ వారమే నోటీసు పెట్టినాయన కారు తడితడిగా మెరుస్తుంటే చూశాను. పోనీలెండి.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి పురిటికి విజయవాడ వెళ్ళాం. పన్నెండు రోజులు. వాచ్‌మన్‌కి రెండు వందలు చేతిలో పెట్టి "చూసుకో నాయనా" అన్నాను. ఆయన ఇంట్లోనే నీళ్ళు లేవు, ఏం చూసుకుంటాడు? ఆ మాట నేను అడగను కూడా లేదు.

తిరిగొచ్చిన రోజు అమ్మ చెప్పులు విప్పకుండా పైకెక్కింది. ఎనభై రెండేళ్ళ మనిషి, నాలుగు అంతస్తులు. వెనకాలే వెళ్ళాను. వంగ మొక్కలు చెయ్యి తగిలితే పుటుక్కున విరుగుతున్నాయి. విత్తనానికని ఉంచిన కాయ ఒకటి తోలు తోలుగా వేలాడుతోంది. దాన్ని గోటితో చీల్చి గింజలు అరచేతిలో పోసుకుంది. అన్నీ తాలే, ఉమకలా ఉన్నాయి. మెల్లగా ఊదింది. ఒక్కటీ చేతిలో నిలవలేదు. పోయినేటి ముడిలో దాచింది జనవరిలోనే నారు పోసేసింది. నన్ను ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది.

జూలైలో జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు వచ్చింది. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు, మన పక్కనున్న విల్లివాక్కానికే. టీవీలో చూపిస్తుంటే అమ్మ "నువ్వు చేసిన రైలేనా నాయనా?" అంది. వ్యాగన్లు మేం చెయ్యం, పెట్టెలు చేస్తాం అన్నాను. ఆమె అడిగింది అది కాదని తర్వాత తట్టింది.

సరే, తొట్టి. టైము చూస్తున్నారు, నాకు కనపడుతోంది.

రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ము కొనండి. పాత సామాను కొట్లో కొనేటప్పుడు అందులో ముందు ఏం పోశారో అడగండి. నూనో పచ్చడో అయితే సరే. రసాయనం వాసన వస్తే సగం ధరకిచ్చినా వద్దు, మనం తినే కూర అది. పొడుగునా రెండుగా కోయిస్తే రెండు తొట్లు. కోసేముందు బిరడాలు ఎటున్నాయో చూసుకోండి, అవి అడుగుకి వస్తే కారుతుంది. నేను మొదటిది అలాగే కోయించాను.

స్టాండు ఇనప యాంగిల్‌తో నడుమెత్తున చేయించాను. మోకాళ్ళు వంగవు కాబట్టి అంత ఎత్తు, ఎలకలు ఎక్కవన్నది అదనపు లాభం. అడుగున నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలు రెండు, పక్కపక్కన. వాటి నిండా చిల్లులు. ఇవే నీళ్ళ గది, రెంటిలో కలిపి ఇంచుమించు 14 లీటర్లు. చిల్లుల్లోకి పొట్టు పోకుండా పైపులకి గుడ్డ చుట్టాలి. నూలు గుడ్డయితే కొన్నాళ్ళకే కుళ్ళిపోతుంది. నైలాన్ కావాలి. ఇదిగో, ఇది మా అమ్మ నైలెక్స్ చీర. 2021లో ఆమె పోయాక బీరువాలో మిగిలింది. చిరగదు, చివకదు, ఆవిడలాగే. పైపుల మధ్య సందుల్లో పొట్టు బాగా కూరండి. నీటిలో మునిగి ఉండే ఆ పొట్టే వత్తి. ఈ వత్తి ఓ అడుగు ఎత్తు దాకా నమ్మకంగా లాగుతుంది, కాబట్టి తొట్టి మరీ లోతు అక్కర్లేదు.

మూలన నిలువుగా ఒక అంగుళం పైపు, నీళ్ళు పోయడానికి. దాని కింది కొస ఏటవాలుగా కోయండి, లేకపోతే అడుక్కి అతుక్కుని నీళ్ళు దిగవు. ఇక అసలైనది ఈ చిల్లు. తొట్టి పక్కన, అడుగు నుంచి నాలుగంగుళాల ఎత్తున. నీళ్ళు ఇక్కణ్ణుంచి కారాయంటే నిండినట్టు. ఈ చిల్లు లేకపోతే వానకి తొట్టి చెరువవుతుంది, గాలాడక వేరు కుళ్ళుతుంది. వెనక వరసలో వినపడిందా? చిల్లు మర్చిపోకండి.

ఎర్రమట్టి వద్దు. బరువు, పైగా పెంకులా గట్టిపడుతుంది. కొబ్బరి పొట్టు రెండు వంతులు, వర్మికంపోస్టు ఒక వంతు. పొట్టులో ఉప్పుంటుంది, రెండు మూడుసార్లు నానబెట్టి పిండండి. మన బోరు నీళ్ళూ ఉప్పే. నీళ్ళు ఎప్పుడూ కింద నుంచి పైకే పోతే ఆ ఉప్పంతా పైన తెల్లగా పేరుకుంటుంది. ఐప్పసి, కార్తిగై అని ఇక్కడ పిలిచే నెలల వానలు, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవి, కొంత కడుగుతాయి. మిగతా నెలల్లో అప్పుడప్పుడు పైనుంచి ఒక బకెట్టు దిమ్మరించండి. నారు నాటిన మొదటి రెండు వారాలూ పైనుంచే పోయాలి, పిల్లవేళ్ళు కిందికి అందవు.

దోమలు! నిలవ నీళ్ళు కదా. పైపు మూతికి బిరడా, చిల్లుకి దోమతెర ముక్క. డెంగ్యూ దోమకి వారం పదిరోజులు చాలు. కార్పొరేషన్ వాళ్ళు వచ్చి టార్చి వేసి చూస్తే నా పరువు పోవద్దు.

బరువు... ఎవరూ గుర్తుచేయలేదు. తడిసిన తొట్టి 80 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మేడకి చదరపు మీటరుకి 150 కిలోలని ఇంజినీర్ల లెక్క. అందుకని నడిమధ్య పెట్టకండి, గోడలూ దూలాలూ ఉన్న అంచుల వెంట పెట్టండి. కాళ్ళ కింద పలక వేయండి.

నా తొట్టిలో మూడు వంగ మొక్కలున్నాయి. మే ఎండలో ఒకసారి నింపితే నాలుగు రోజులు నడుస్తుంది. పన్నెండు రోజులు నడవదు. ఇంకో డ్రమ్ము గొట్టంతో కలిపి, నీళ్ళు నిండగానే దానంతటదే మూసుకునే ఫ్లోట్ వాల్వ్ పెట్టి చూస్తున్నాను, ఈ వేసవికి తేలుతుంది.

వాటికి కాసేవి నర్సరీ కాయలు. పొడుగ్గా, నున్నగా ఉంటాయి, రుచికి వంక పెట్టలేం. రెండో సగం డ్రమ్ము ఖాళీగానే ఉంది. మీలో రాపూరు, పొదలకూరు, వెంకటగిరి వైపు వాళ్ళున్నారని నాకు తెలుసు. సెలవులకి వెళ్తే పెరళ్ళలో కాస్త చూడండి. నిమ్మపండంత, తెల్లచారలు, తొడిమకి ముళ్ళు. కూరకి కోసిన లేతకాయ తేకండి, పండి పసుపు తిరిగినది కావాలి. ఒక్కటి చాలు. బూడిద నా దగ్గర ఉంది.